చప్పుడు లేని సెలవులు

గొడవ మీగడ గురించి. పాల గ్లాసులో మీగడ కనిపిస్తే మా అమ్మాయి ముట్టదు, మా అబ్బాయీ ముట్టడు. ఆ రోజు పొద్దున వడకట్టే జాలీ దొరక్క గరిటె అడ్డుపెట్టి పోశాను. ఒక ముక్క జారి వాడి గ్లాసులో పడింది. వాడు అటూ ఇటూ చూసి, తన గ్లాసు అక్క ముందుకు జరిపి, అక్క గ్లాసు తన వైపు లాక్కున్నాడు. అది చూడనే చూసింది.

వేరే ఇంట్లో అయితే ఆ గోల వీధి చివరిదాకా వినిపించేది. మా ఇంట్లో ఏమీ వినిపించలేదు. అమ్మాయి లేచి, నడుం మీద చేతులు పెట్టుకుని, కళ్ళు ఇంతింత చేసి, పెదవులు మాత్రమే కదుపుతూ వాణ్ణి తిట్టింది. వాడు నోరు బార్లా తెరిచి, మెడ నరాలు ఉబ్బేలా, శబ్దం లేకుండా ఏడ్చాడు. అది గ్లాసు లాగింది, వాడూ లాగాడు. గ్లాసు బల్లకు తగలకుండా, పాలు ఒలకకుండా ఎంతో ఓర్పుగా కొట్టుకున్నారు. చివరికి వాడు దాని చెయ్యి కొరికాడు. అది బాధతో ఎగిరి, కిందకు దిగేటప్పుడు ఏదో గుర్తొచ్చినట్టు మునివేళ్ళ మీద దిగింది.

నవ్వాలో కోప్పడాలో తెలియక కాసేపు చూశాను. తర్వాత ఆ మీగడ చెంచాతో తీసి నా నోట్లో వేసుకున్నాను. తీర్పు చెప్పాలంటే నోరు తెరవాలి. పక్క గదిలో మా ఆయన నిద్రపోతున్నారు.

ఆయన రాత్రి సర్వీసు బస్సు డ్రైవరు. సాయంత్రం ఏడున్నరకు ఇంటి నుంచి బయలుదేరతారు. సగం దారిలో బండి మార్చుకుని, అటువైపు నుంచి వచ్చిన బస్సు తీసుకుని, తెల్లారేసరికి తిరిగి డిపోకు చేరతారు. ఇంటికొచ్చి స్నానం చేసి, ఏదో ఇంత తిని, తొమ్మిదింటికి పడుకుంటే నాలుగింటికి లేస్తారు. పిల్లలు బడికి పోయినన్నాళ్ళూ ఆ నిద్రకు ఏ అడ్డూ ఉండేది కాదు. సెలవులిచ్చేశారు. రెండు గదులూ ఒక వంటిల్లూ ఉన్న ఇంట్లో ఏడేళ్ళ పిల్ల, నాలుగున్నరేళ్ళ పిల్లాడు రోజంతా నాకూ ఆ నిద్రకూ మధ్య మిగిలారు.

మామూలు నిద్ర అయితే నేనూ అంత పట్టించుకునేదాన్ని కాదు. సెలవులకు పదిరోజుల ముందు, తెల్లవారుజామున, ఆయన రెప్ప వాలింది. బస్సు రోడ్డు పక్కన రాళ్ళను రాసుకుంటూ కొంత దూరం పోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అద్దం ఒకటి విరిగింది. డిపోలో చేతికి కాగితం ఇచ్చారు. మళ్ళీ ఇలాంటిది జరిగితే స్టీరింగు మీంచి తప్పిస్తామని అందులో ఉంది. ఆయన ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకుని తిరిగేవారు. చొక్కా మార్చినప్పుడల్లా కాగితమూ మారేది.

స్టీరింగు అంటే ఆయనకు జీతం ఒక్కటే కాదు. పద్నాలుగేళ్ళుగా తన బండి ముందద్దం తనే తుడుచుకునేవారు, క్లీనరును ముట్టనిచ్చేవారు కాదు. "నేను బ్రేకు వేస్తే వెనకున్నవాళ్ళు మెలకువ రాకుండా ఇంకో వైపు తిరిగి పడుకోవాలి" అనేవారు. పెళ్ళయిన కొత్తలో నేను దాన్ని గొప్పలనుకున్నాను. ఒకసారి ఆయన బస్సులో ప్రయాణం చేశాక మళ్ళీ అలా అనుకోలేదు.

అందుకని నేను ఇల్లు చక్కదిద్దే పనిలో పడ్డాను. చేసేదేదైనా పద్ధతిగా చెయ్యాలనే రోగం నాకు మొదట్నుంచీ ఉంది. కుర్చీ కాళ్ళకు పాత మేజోళ్ళు తొడిగాను. కాలింగ్ బెల్ తీగ పీకేశాను. కుక్కరు, మిక్సీ ఎనిమిదిన్నరలోపే. గిన్నెలు సాయంత్రం తోముకోవడం. పంపు కింద గుడ్డ కట్టాను, నీటి ధార దాని వెంట జారి బకెట్లో పడేలా. గది తలుపు ఒక్కటే నాకు లొంగలేదు. తెరిచినా మూసినా మేక అరిచినట్టు అరిచేది. నూనె పోశాను, కొవ్వొత్తి రాశాను, బందుల్లో సబ్బు రుద్దాను. అరుపు మారిందే గానీ తగ్గలేదు. చివరికి చట్టం చేశాను. తొమ్మిదింటికి ఆయన లోపలికి వెళ్ళాక, నాలుగింటిదాకా ఆ తలుపును ఎవరూ ముట్టకూడదు. ఇల్లు తగలబడినా సరే, అన్నాను. అనాల్సిన మాట కాదు. అన్నాను.

పిల్లలకు వాళ్ళ పేర్లున్నా ఇంట్లో ఎవరూ వాడరు. అమ్మాయి టీచరమ్మ, అబ్బాయి మైకు. వాడు పుట్టిన రోజునే ఆసుపత్రి వరండా చివర కూర్చున్న మా ఆయన, లోపలి నుంచి ఏడుపు విని, "నాదే, నా హారన్" అన్నారట. అలాంటి వాణ్ణి ఎలా దారిలో పెట్టాలా అని నేను తల పట్టుకుంటే టీచరమ్మ ఆ పని రెండు రోజుల్లో చేసింది. సైగల భాష కనిపెట్టింది. ముక్కు పట్టుకుంటే బాత్రూం. చెవి లాగితే ఆకలి. రెండు చేతులూ బుగ్గ కింద పెడితే నాన్న. నెత్తి మీద అరచెయ్యి పెడితే నేను, అంటే అమ్మకు కోపం వచ్చిందని. ఆ చెయ్యి రోజుకు ఎన్నిసార్లు నెత్తి మీదకు వెళ్ళేదో లెక్కలేదు.

మొదటి వారం అదంతా ఆటే. శబ్దం లేకుండా నవ్వడం నేర్చుకున్నారు, భుజాలు ఎగరేసుకుంటూ, ముఖాలు ఎర్రబడేదాకా. మైకు తుమ్ము వస్తే దిండు దగ్గరికి పరుగెత్తేవాడు. ఒకరోజు నేను వంటింట్లోంచి వచ్చేసరికి ఇద్దరూ బొమ్మలను వరసగా పడుకోబెట్టి, ఒక్కో బొమ్మ నోటికీ ప్లాస్టరు అంటిస్తున్నారు. "ఎందుకే?" అని చెవిలో అడిగాను. టీచరమ్మ నా చెవి దగ్గరకు వచ్చి చెప్పింది. "వీళ్ళకి చెప్తే అర్థం కావడంలేదమ్మా."

మా నెత్తి మీద ఇంకో గొడవ ఉండేది. పై వాటాలో బట్టలు కుట్టే ఆవిడ ఉంటుంది. సెలవులు మొదలైనప్పుడే మిషన్ని వెలుతురు కోసం మా గది పైకి జరుపుకుంది. అది తొక్కితే మా గది కప్పు మీద రైలు పోతున్నట్టుండేది. రెండు రోజులు చూసి, మూడో రోజు పైకి వెళ్ళాను.

"అక్కా, ఏమనుకోకండి. మా ఆయన పగలు పడుకుంటారు, మీకు తెలుసు కదా."

"తెలుసమ్మా. నేను పగలు కుడతాను, అది నీకూ తెలుసు." నోట్లో గుండుసూదులు పెట్టుకునే మాట్లాడింది. "మీ పిల్లలిద్దర్నీ బాగానే పెంచావు. పిల్లులు తిరిగినట్టు తిరుగుతున్నారు. నా మిషన్ని కూడా ఓ వారం తీసుకుపో, దానికీ నేర్పు."

"కాస్త ఆ మూలకు జరుపుకుంటే..."

"ఆ మూల వెలుతురు లేదు. నాకు నలభై దాటింది, సూదిలో దారం ఎక్కించడానికే సగం రోజు పోతోంది." సూదులు ఒక్కొక్కటే తీసి దిండుకు గుచ్చింది. "సరేలే. కింద ఓ బొంత మడిచి వేస్తాను. అంతకన్నా నావల్ల కాదు. నా పని నాకుంది, మీ ఆయన నిద్ర మీ ఆయనకుంది, మధ్యలో ఈ స్లాబు ఒకటి."

బొంత వేసింది. రైలు గూడ్సు బండి అయింది, అంతే. కానీ ఆ తర్వాత నేను నోరెత్తలేకపోయాను. ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది?

ఐదింటికి ఆయన టీ తాగుతుంటే నేను పిల్లల్ని తీసుకుని నీళ్ళ ట్యాంకు వెనక ఖాళీ స్థలానికి వెళ్ళేదాన్ని. చదువుకున్న రోజుల్లో ఎక్కడో చదివాను, పిల్లలు అరవకపోతే లోపల ఏదో పేరుకుపోతుందని. పేరుకుపోయినదాన్ని రోజూ ఊడ్చెయ్యాలని నా పద్ధతి. "ఊఁ, అరవండి" అనేదాన్ని. మొదట్లో మైకు అరిస్తే ట్యాంకు మీద పావురాలన్నీ లేచిపోయేవి. వాడు పరుగెత్తుతూ అరిచేవాడు, పడిపోయి అరిచేవాడు, ఊరికే ఆకాశం వైపు చూసి అరిచేవాడు. టీచరమ్మ ఎక్కాలు అరిచేది.

నాలుగో వారంలో ఒకరోజు వాడు వచ్చి నా చెంగు పట్టుకున్నాడు.

"అరవరా నాన్నా."

"ఏమని?"

"ఏదో ఒకటి. నీ ఇష్టం."

కాసేపు ఆలోచించాడు. "ఇంటికి పోదాం" అన్నాడు. మామూలుగా కూడా కాదు, గుసగుసగా. పావురాలు కదల్లేదు. నేను నవ్వేసి, అలసిపోయాడనుకుని ఎత్తుకున్నాను. ఆ రోజే నాకు తెలిసి ఉండాల్సింది.

అసలు చప్పుడు చేసింది నేను. ఐదో వారం, మధ్యాహ్నం పన్నెండున్నర. ఆరిన స్టీలు పళ్ళాలు అల్మరాలో సర్దుతుంటే ఒకటి చేతిలోంచి జారింది. పడటం ఒక ఎత్తు, పడ్డాక అది గుండ్రంగా తిరుగుతూ, తిరుగుతూ, ఇంక ఆగుతుందనుకున్నప్పుడు ఇంకా వేగంగా మోగుతూ ఉండటం ఒక ఎత్తు. నేను దాని మీద పడి పొట్టతో ఆపాను. తల ఎత్తేసరికి గుమ్మంలో పిల్లలిద్దరూ. మైకు వేలు పెదవుల మీద. టీచరమ్మ నావైపు చూసి తల అటూ ఇటూ ఊపి, చప్పుడు చేసినవాళ్ళు నిలబడే గోడ మూల చూపించింది. వెళ్ళి నిలబడ్డాను. చట్టం అందరికీ ఒకటే.

మేక అరిచింది. ఆయన బయటికొచ్చారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మూల నిలబడ్డ నన్నూ, పళ్ళేన్నీ, పిల్లల్నీ చూశారు. మంచినీళ్ళు తాగి లోపలికి వెళ్ళారు. తిట్టినా బావుండేది.

మర్నాడు పొద్దున వచ్చి, చెప్పులు విడుస్తూ, నావైపు చూడకుండా అన్నారు.

"రాత్రి ఓ చోట బండి పక్కకు ఆపాను. ముఖం కడుక్కుని మళ్ళీ ఎక్కాను."

"ఎందుకని?"

"వంతెన దాటిన సంగతి గుర్తు లేదు. వంతెన దాటాకే తెలివిలో ఉన్నాను. ఎప్పుడు దాటానో తెలీదు."

"ఎవరైనా చూశారా?"

"కండక్టరు అడిగాడు, ఏంటన్నా అని. టైరు చూస్తున్నానన్నాను." రెండో చెప్పు విడిచి, "నలభై రెండు మంది ఉన్నారు బండిలో" అన్నారు.

ఆ పూట నేను పిల్లలిద్దర్నీ కూర్చోబెట్టి చెప్పాను. ఏడేళ్ళ పిల్లకూ నాలుగున్నరేళ్ళ పిల్లాడికీ చెప్పాల్సిన మాటలు కావవి. నాన్నకు నిద్ర చాలకపోతే బస్సు పడిపోతుందని చెప్పాను. అందులో ఉన్నవాళ్ళందరికీ దెబ్బలు తగులుతాయని చెప్పాను. ఇంకేం చెప్పాలో నాకు తెలియలేదు. టీచరమ్మ తల ఊపింది. మైకు అక్కను చూసి తలూపాడు. ఆ రోజు నుంచి నాకు వాళ్ళతో ఏ బాధా లేకుండా పోయింది. ఎంత ఒద్దికగా ఉన్నారంటే, అమ్మయ్య అనుకున్నాను కూడా.

ఆరో వారం మధ్యలో, ఉతికిన దుప్పట్లు ఆరేయడానికి మేడ మీదకు వెళ్ళాను. పదింటికి. పైఇంటావిడ మెట్ల మీద ఆపి, మిషను కింద బొంత పని చేస్తోందా అని అడిగింది. చేస్తోందన్నాను. ఆవిడ ఇంకో నాలుగు మాటలు మాట్లాడింది. దుప్పట్లు ఆరేశాను, క్లిప్పులు పెట్టాను, అంచులు సమంగా ఉన్నాయో లేదో చూసుకున్నాను. అంతా కలిపి పావుగంట.

దిగి వచ్చేసరికి ఇల్లు ఎప్పటిలాగే ఉంది. నేరుగా వంటింట్లోకి వెళ్ళి బుట్ట పెట్టి, మంచినీళ్ళు తాగి, అప్పుడు ముందుగదిలోకి వచ్చాను.

మైకు గది తలుపు పక్కన నిలబడి ఉన్నాడు. కుడిచెయ్యి గోడకు ఆనించినట్టుంది. ముఖం నిండా నీళ్ళు, గడ్డం మీంచి బనీను మీదకు కారుతున్నాయి. పెదవులు బిగించి ఉన్నాడు, తెల్లగా అయ్యేంత గట్టిగా. టీచరమ్మ వాడి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, నోటు పుస్తకంతో వాడికి విసురుతోంది. నన్ను చూసి వేలు పెదవుల మీద పెట్టి, తలుపు బందు వైపు చూపించింది.

వాడి చూపుడువేలు తలుపుకూ చట్రానికీ మధ్య సందులో ఉంది. గాలికి తలుపు కాస్త తెరుచుకుందట. మళ్ళీ మూసుకునేటప్పుడు వాడి వేలు అక్కడుంది. తీయాలంటే తలుపు తెరవాలి.

"ఎంతసేపయిందే?" అన్నాను.

టీచరమ్మ చెవిలో చెప్పింది. "నువ్వు పైకి వెళ్ళగానే. నేను తలుపు ముట్టలేదమ్మా. వాడు కూడా ఏం అనలేదు."

నేను తలుపు తెరిచాను. అది అరిచింది. వేలు బయటికొచ్చింది. మంచం మీద ఆయన ఇటునుంచి అటు తిరిగి పడుకున్నారు. లేవలేదు. అంత మంచి నిద్రలో ఉన్నారు.

వాణ్ణి ఎత్తుకుని, టీచరమ్మ చెయ్యి పట్టుకుని వీధి చివర ఉన్న చిన్న ఆసుపత్రికి నడిచాను. వాడు నా భుజం మీద ముఖం పెట్టుకుని వణుకుతున్నాడు గానీ చప్పుడు లేదు. కట్టుకట్టే నర్సు పెద్దావిడ. వేలు చూసి అయ్యయ్యో అంది.

"ఎముక బానే ఉంది. గోరు పోతుంది, మళ్ళీ వస్తుంది. మందు రాస్తే మండుతుంది బంగారం, ఏడుపొస్తే ఏడు. ఇక్కడ అందరూ ఏడుస్తారు."

మందు రాసింది. వాడి ఒళ్ళంతా బిగుసుకుంది. నోరు తెరిచాడు, మళ్ళీ మూశాడు.

"అబ్బో, ఎంత ధైర్యవంతుడమ్మా నీ కొడుకు! ఏడవరా కన్నా, పరవాలేదు."

వాడు నర్సు వైపు వంగి, గుసగుసగా అడిగాడు.

"ఇక్కడ ఎవరు పడుకున్నారు?"

ఆవిడ పకపకా నవ్వింది. "ఎవరూ పడుకోలేదురా నాన్నా, ఎవరు పడుకుంటారు ఈ టైములో?" అంటూ నావైపు చూసి, నవ్వు ఆపేసింది. దూది పళ్ళెం సర్దుకుంది. నేను కట్టు ఎన్ని రోజులకు మార్చాలో అడిగాను. అదే ప్రశ్న మళ్ళీ అడిగానట, ఇంటికొచ్చాక టీచరమ్మ చెప్పింది.

ఆయనకు చెప్పకూడదనుకున్నాను. చెబితే నిద్ర పట్టదు, నిద్ర పట్టకపోతే వంతెన గుర్తుండదు. బడి తెరవడానికి ఇంకా పదకొండు రోజులే ఉంది. ఇన్ని వారాలు లాగినవాళ్ళం పదకొండు రోజులు లాగలేమా అనుకున్నాను. దారిలో ఐస్ కొనిపెట్టి, తలుపులో వేలు పడిందని మాత్రమే నాన్నకు చెప్పండని పిల్లలకు చెప్పాను.

మా ఇంట్లో అందరం కలిసి తినేది సాయంత్రం ఆరున్నరకే. ఆయన డ్యూటీకి బయలుదేరే ముందు. కింద చాప పరిచి, గిన్నెలు మధ్యలో పెట్టి, నలుగురం చుట్టూ కూర్చుంటాం. ఆయన అప్పటికే యూనిఫాం వేసుకుని ఉన్నారు. మైకు ఎడమచేత్తో తినబోతే చూశారు.

"వేలికేమైందిరా?"

"తలుపులో పడింది" అన్నాను నేనే. "ఏం లేదు, గోరు కాస్త నలిగింది. చూపించుకొచ్చాను."

"ఎప్పుడు?"

"పొద్దున."

"పొద్దునంటే నేను ఇంట్లోనే ఉన్నాగా. నాకేం వినిపించలేదే?"

నేను కూర గిన్నె అందుకున్నాను. కానీ టీచరమ్మ అప్పటికే లేచి నిలబడింది. దాని కళ్ళు మెరుస్తున్నాయి. ఇన్నాళ్ళూ అది ఎదురుచూసిన మాట ఆయన నోటి నుంచి వచ్చింది.

"వినిపించదు నాన్నా! చూడు, నేను చూపిస్తాను."

గోడ దగ్గరకు పరుగెత్తింది. అది మైకు అయింది. వేలు ఇలా పెట్టానంది. తలుపు ఇలా వచ్చిందంది. నోరు బిగించి, కళ్ళు గట్టిగా మూసి, ఒంటికాలి మీద ఎలా గెంతాడో చూపించింది. తర్వాత తను తనే అయింది. నోటు పుస్తకం బదులు పళ్ళెం పట్టుకుని విసిరింది. "తలుపు తెరుద్దామా అని వాడు ఇలా అడిగాడు. నేను ఇలా వద్దన్నాను. బుగ్గ కింద చేతులు పెట్టి, నాన్న, అన్నాను. ఇలా రెండు చేతులతో స్టీరింగు కూడా చూపించాను. వాడికి అర్థమైంది. అమ్మ వచ్చేదాకా ఒక్కసారి కూడా, ఒక్కసారి కూడా ఏడవలేదు." వచ్చి ఆయన పక్కన కూర్చుంది. "బాగా చేశాం కదా నాన్నా?"

మైకు తల ఎత్తి ఆయన వైపు చూశాడు. వాడూ ఆ జవాబు కోసమే చూస్తున్నాడు.

ఆయన చేతిలో ముద్ద అలాగే ఉంది. దాన్ని పళ్ళెంలో పెట్టేసి మళ్ళీ కలిపారు. తిన్నారు. ఇంకో ముద్ద తిన్నారు.

"చాలా బాగా చేశారమ్మా" అన్నారు.

టీచరమ్మ గర్వంగా నావైపు చూసింది. నేను ఆయన పళ్ళెంలో కూర వేశాను.

"పదకొండు రోజులే ఉందండి బళ్ళు తెరవడానికి" అన్నాను మెల్లగా. "ఆ తర్వాత మళ్ళీ మామూలే. నేను ఇంక మేడ మీదకు కూడా వెళ్ళను. తలుపు తీయించేసి పరదా కట్టిస్తాను. రేపే వడ్రంగిని పిలుస్తాను, ఎనిమిదింటికల్లా వచ్చి..."

"తలుపు ఉండనీ."

"మరి?"

ఆయన జేబులోంచి మడతల కాగితం తీసి, ఓసారి చూసి, చాప మీద పెట్టారు. దాని మీద పెట్టడానికి ఏమీ దొరక్క మంచినీళ్ళ గ్లాసు పెట్టారు.

"ఇవాళ్టికి నా బదులు ఇంకొకణ్ణి వెయ్యమని ఫోను చేస్తాను. రేపు పొద్దున వెళ్ళి స్టీరింగు అప్పజెప్పేస్తాను. గ్యారేజీలో పగలు చక్రాలు విప్పడానికి మనిషి కావాలంటున్నారు, అందులో చేరతాను" అని, మైకు పళ్ళెం తన ముందుకు లాక్కుని, వాడికి ముద్దలు కలపడం మొదలుపెట్టారు.